టికెట్ కాడ జాతి లెక్క: ఏది వాటా, ఏది వివక్ష

(అమీర్‌పేటలో ఆదివాసీ విద్యార్థుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మైత్రివనం కాడ బస్సు దిగి ఇక్కడికి నడుచుకుంటా వచ్చేటప్పుడు బోర్డులు చూస్తా వచ్చిన. సాఫ్ట్‌వేర్ నేర్పుతరట, బ్యాంకు పరీక్షకు తయారు చేస్తరట, అమెరికా వీసా ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలో కూడా చెప్తరట. ఎమ్మెల్యే టికెట్ ఎట్ల అడగాలో నేర్పే బోర్డు మాత్రం ఎక్కడా కనపడలే. ఆ కోచింగ్ కొందరికి ఇంట్లోనే దొరుకుతది. మనకు దొరకదు. కాబట్టి ఇయ్యాల మనమే మాట్లాడుకుందాం.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పంచాయితీ. పార్టీ లిస్టు బయటికొస్తది. అందులో మనోళ్ల పేరు లేకపోతే "ఇది జాతి వివక్ష" అంటం. లంబాడీ అభ్యర్థి పేరు ఉంటే "వాడు మనోడు కాదు, ఓటెయ్యద్దు" అంటం. "మీరు చేసేదే జాతి వివక్ష" అని అవతలి నుంచి జవాబొస్తది. మధ్యలో ఇంకొకాయన వచ్చి, అసలు రిజర్వుడు సీటు అనడమే వివక్ష, ప్రతిభ చూడాలె అని జ్ఞానం చెప్పి పోతడు. నలుగురూ వాడేది ఒకటే మాట. చెప్పేవి మాత్రం నాలుగు వేర్వేరు సంగతులు. వీటిని విడగొట్టుకోకపోతే నిజంగా వివక్ష జరిగిన రోజు మనం ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు.

ముందు ఎవరికీ అనుమానం లేని ఉదాహరణ ఒకటి చెప్తా. అది అమెరికాది. అమీర్‌పేటలో కూర్చున్నాం కాబట్టి అమెరికా ముచ్చట లేకుంటే బాగుండదు. భారత సంతతికి చెందిన వివేక్ రామస్వామి రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థి కావాలని పోటీపడి, 2024 జనవరిలో తప్పుకున్నడు. అదే ఏడాది మే నెలలో ఆన్ కోల్టర్ అనే వ్యాఖ్యాత ఆయన పాడ్‌కాస్ట్‌కే అతిథిగా వచ్చింది. నువ్వు చెప్పిన చాలా విషయాలతో నాకు పేచీ లేదు, అయినా నువ్వు ఇండియన్‌వి కాబట్టి నీకు ఓటు వేసేదాన్ని కాదు అని ఆయన మొహం మీదే చెప్పింది. ఇందులో దాపరికం ఏమీ లేదు. మనిషి మాట నచ్చింది, విధానం నచ్చింది, పుట్టుక నచ్చలేదు.

కొలబద్ద కూడా ఇందులోనే ఉన్నది. మనిషిని అట్లనే ఉంచి, ఆయన మాటా పనీ అట్లనే ఉంచి, పుట్టుక ఒక్కటి మార్చి చూడండి. అప్పుడు మన జవాబు మారిందంటే అక్కడ వివక్ష ఉన్నట్టే. అయితే ఈ కొలబద్ద ఒక్కటే అన్నిటికీ సరిపోదు. ఎందుకు సరిపోదో తర్వాత చెప్తా.

మన దేశానికి వద్దాం. 2022 జూన్‌లో ద్రౌపది ముర్మును రాష్ట్రపతి అభ్యర్థిగా ఎన్‌డీఏ ప్రకటించింది. అప్పుడు వచ్చిన మాటలన్నీ ఒక్కతీరువి కావు. ఆమె ఆదివాసీలకు ప్రతీక కాదు, చెడ్డ భావజాలానికి ప్రతినిధి అని కాంగ్రెస్ నాయకుడు అజయ్ కుమార్ అన్నడు. పెద్ద గొడవయింది. నన్నడిగితే అది రాజకీయ విమర్శే, కటువుగా ఉన్నా సరే. ఒక ఆదివాసీ మహిళను నిలబెట్టిన పార్టీని, ఆమె నమ్మిన రాజకీయాన్ని ప్రశ్నించే హక్కు అందరికీ ఉన్నది, మనకు ఇంకా ఎక్కువ ఉన్నది. జార్ఖండ్ గవర్నర్‌గా ఉన్నప్పుడు ఆదివాసీ భూముల చట్టాల సవరణ బిల్లులను 2017లో ఆమె వెనక్కి పంపింది. ఆ పనికి మెచ్చుకోవచ్చు, వేరే పనికి నిలదీయవచ్చు.

రాంగోపాల్ వర్మ ఆమె పేరు పట్టుకుని పాండవులెవరు, కౌరవులెవరు అని ట్వీట్ చేసిండు. ఇక్కడే హైదరాబాద్‌ల అబిడ్స్ పోలీస్ స్టేషన్‌లో బీజేపీ నాయకులు ఫిర్యాదు ఇచ్చిన్రు. నా లెక్కలో అది ముందుగా ఆడమనిషి మీద చేసిన ఎగతాళి. జాతి సంగతి ఆ ట్వీట్‌లో లేదు, ఆ పేరు వెనుక ఉన్నది. ఆమెకు ఇంట్లో పెట్టిన సంతాలీ పేరు పుతి. ద్రౌపది అనేది బడిలో టీచరు పెట్టిన పేరు, ఆ సంగతి ఆమే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఈ గదిలో ఎంతమందికి బడి రిజిస్టర్‌లో పేరు మారిందో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తయ్. ఆ పేరు మార్పు మీద ఎవరూ ఫిర్యాదు ఇయ్యలే.

అదే ఏడాది నవంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రి అఖిల్ గిరి, రాష్ట్రపతి చూడటానికి ఎట్లున్నది అని సభలో అన్నడు. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఈ మాటకు కొలబద్ద పెట్టి చూడండి. ఆమె విధానం గురించి ఏమీ లేదు, పార్టీ గురించి ఏమీ లేదు. మొహం గురించి ఉన్నది. మన మొహాల గురించి చిన్నప్పటి నుంచి విన్నదే, రాష్ట్రపతి కుర్చీ దాకా పోయినా వెంట వచ్చింది.

ఇవి బయటికి కనపడే మాటలు. టికెట్ల కాడ జరిగేది ఇంత బాహాటంగా ఉండదు. పంజాగుట్టలో అద్దె గదికి పోతే ఇంటాయన "మీరేమిట్లు?" అని అడుగుతడు. మనం చెప్పంగనే "మా చుట్టాలు వస్తున్నరు, గది ఇయ్యలేం" అంటడు. ఎస్టీవి కాబట్టి ఇయ్యను అని ఆయన ఎప్పుడూ అనడు. పార్టీ ఆఫీసు కూడా అంతే. "మంచోడే, కానీ గెలుపు గుర్రం కాదు" అంటది. "చదువుకున్నడు, కానీ జనంల కలవడు" అంటది. "అందరికీ ఆమోదం ఉండాలె కదా" అంటది.

ఈ "జనంల కలవడు" అనే మాట కాడ కొంచెం ఆగుదాం. ఏ సముదాయం షెడ్యూల్డ్ తెగ అవుతదో తేల్చడానికి 1965లో లోకూర్ కమిటీ అయిదు లక్షణాలు చెప్పింది. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, దూరంగా విడిగా ఉండటం, బయటివాళ్లతో కలవడానికి జంకు, వెనుకబాటుతనం. నేటికీ ప్రభుత్వం కాయితాల్లో ఇవే నడుస్తున్నయ్. అంటే ఎస్టీ అనిపించుకోవాలంటే జంకు ఉండాలె. నాయకుడు అనిపించుకోవాలంటే జంకు ఉండొద్దు. మనోడు మైకు ముందు తడబడితే "వీళ్లకు రాజకీయం చేతకాదు" అంటరు. గడగడా మాట్లాడితే, మంచి చొక్కా వేస్తే, ఇంగ్లీషు వస్తే "వీడు అసలైన ఆదివాసీ ఏంది, సిటీల పెరిగినోడు" అంటరు. ఇట్లనే ఎన్నో ఏండ్లుగా రెండు దిక్కులా తలుపు మూసి ఉన్నది. నా మటుకు టికెట్ల కాడ జరిగే అసలు జాతి వివక్ష ఇదే. ఇందులో ఎవరూ బూతు మాట అనరు, అందుకని కేసు కూడా కాదు.

డబ్బు లెక్క కూడా ఇట్లనే పనిచేస్తది. అసెంబ్లీకి నామినేషన్ వేస్తే డిపాజిట్ 10,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు సగం, 5,000. చట్టం ఆ మాత్రం ఆలోచించింది. 2023 ఎన్నికలప్పుడు గాంధీ భవన్‌లో టికెట్ కోసం దరఖాస్తు పెట్టుకోవడానికే ఎస్సీ, ఎస్టీలు 25,000 కట్టాలె. ఇతరులకు 50,000. మాకు సగమే తీసుకున్నం కదా అని వాళ్లు అనవచ్చు. కానీ ప్రభుత్వం డిపాజిట్‌కు అది అయిదింతలు. ఇక అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, నిజంగా అయ్యే ఖర్చు ఎంతో ఊళ్లల్ల అందరికీ తెలుసు. "ఖర్చు పెట్టుకుంటవా?" అనే ప్రశ్నలో జాతి పేరు ఎక్కడా లేదు. అయినా పోడు చేసుకునే ఇంటి పిల్ల ఆ ప్రశ్న దాటి లోపలికి పోదు.

ఇప్పుడు మన లోపలి పంచాయితీకి వస్తున్న. ఇది కొందరికి నచ్చకపోవచ్చు.

తెలంగాణలో 119 అసెంబ్లీ సీట్లలో 12 ఎస్టీలకు రిజర్వు. 17 లోక్‌సభ సీట్లలో 2, ఆదిలాబాద్, మహబూబాబాద్. 2024 లోక్‌సభ ఎన్నికల అభ్యర్థులను గుర్తు చేసుకోండి. ఆదిలాబాద్‌లో బీజేపీ నుంచి గోడం నగేష్, కాంగ్రెస్ నుంచి ఆత్రం సుగుణ, బీఆర్ఎస్ నుంచి ఆత్రం సక్కు. ముగ్గురూ ఆదివాసీలే. మహబూబాబాద్‌లో కాంగ్రెస్ నుంచి బలరాం నాయక్, బీఆర్ఎస్ నుంచి మాలోత్ కవిత, బీజేపీ నుంచి సీతారాం నాయక్. ముగ్గురూ లంబాడీలే.

ఆదిలాబాద్‌లో లంబాడీ పిల్లలు "మాకు ఒక్క పార్టీ కూడా ఇయ్యలే" అన్నరు. మహబూబాబాద్‌లో మన కోయ పిల్లలు అదే మాట అన్నరు. మహబూబాబాద్ కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటే ములుగు, పినపాక, ఇల్లందు, భద్రాచలం నాలుగింటిలో 2023లో గెలిచింది కోయలే. అయినా ఎంపీ సీటుకు మూడు పెద్ద పార్టీలలో ఒక్కదానికీ కోయ అభ్యర్థి దొరకలే. ఇది అడగవలసిన ప్రశ్నే. గట్టిగా అడగవలసిన ప్రశ్న. అడిగేది మాత్రం ఢిల్లీలో, హైదరాబాద్‌లో లిస్టు రాసినోళ్లను. బలరాం నాయక్ తండాలో ఉన్న కూలిమనిషిని అడిగి ఏం లాభం?

"లంబాడీలు మన సీట్లన్నీ తిన్నరు" అనే పోస్టు ఒకటి తిరుగుతనే ఉంటది. లెక్క చూద్దాం. 2023లో ఖానాపూర్‌లో వెడ్మ బొజ్జు, ఆసిఫాబాద్‌లో కోవ లక్ష్మి, ములుగులో సీతక్క, పినపాకలో పాయం వెంకటేశ్వర్లు, ఇల్లందులో కోరం కనకయ్య, అశ్వారావుపేటలో జారె ఆదినారాయణ, భద్రాచలంలో తెల్లం వెంకట్రావు. ఏడుగురు. బోథ్, డోర్నకల్, మహబూబాబాద్, వైరా, దేవరకొండ అయిదు చోట్ల లంబాడీలు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ఎస్టీలు 31 లక్షల 78 వేల మంది, అందులో అరవై శాతం పైగా లంబాడీలు. అసెంబ్లీ సీట్ల మటుకు ఆ పోస్టు అబద్ధం. ఉద్యోగాల్లో, మెడికల్ సీట్లలో లెక్క వేరే ఉండవచ్చు, దాన్ని వేరేగా, కాయితాలు పెట్టి మాట్లాడాలె. ఒకచోట కాలితే ఇంకోచోట మందు పూస్తే తగ్గదు.

జనం ఏం చేసిన్రో కూడా చూడండి. ఆసిఫాబాద్‌లో కాంగ్రెస్, బీజేపీ రెండూ లంబాడీలకే టికెట్ ఇచ్చినయ్, గెలిచింది కోవ లక్ష్మి. బోథ్‌లో బీజేపీ నుంచి మన సోయం బాపూరావు నిలబడితే గెలిచింది అనిల్ జాదవ్. రెండు చోట్లా ఓటర్లు కులం లెక్క కూడా చూసుకున్నరు, వేరే లెక్కలూ చూసుకున్నరు.

1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చిన్రు. ఆ చేర్పు సరిగా జరిగిందా లేదా అనేది చట్టం ప్రశ్న. కోర్టులో వాదించవచ్చు, పార్లమెంటును అడగవచ్చు, ధర్నా చేయవచ్చు. 2017 డిసెంబర్‌లో సరూర్‌నగర్ సభకు పోయినోళ్లు ఈ గదిలో కూడా ఉన్నరు. వాళ్లు చేసింది హక్కుల అడుగుడే, వివక్ష కాదు. కానీ అదే మనిషి గ్రూపులోకి వచ్చి "ఆ జాతే దొంగ జాతి" అని రాస్తే, అక్కడ హక్కుల ముచ్చట అయిపోయింది. బ్రిటిషోడు నేరస్థ జాతుల చట్టం 1871లో తెచ్చినప్పుడు వాడిన మాట అది. పుట్టుకతోనే నేరస్తులు అనే ఆ ముద్రను మనం ఇంకొకరి మీద వేస్తే, మన మీద వేసినోడి ముందు మనకు నోరు లేస్తదా?

ఇంకొకటి. తెలంగాణలో ఎస్టీ జాబితాలో 32 సముదాయాలు ఉన్నయ్. 2023లో గెలిచిన 12 మందిలో చెంచు లేరు, కొలాం లేరు, తోటి లేరు. తోటీలు మన గోండుల కథలు, వంశాలు తరతరాలుగా పాడి నిలబెట్టినోళ్లు. మన గూడేలల్ల మీటింగ్ పెడితే వాళ్లను కిక్రి వాయించమని పిలుస్తం. వేదిక మీద కుర్చీ వేస్తున్నమా? "కొలాంలకు ఏం తెలుసు పాపం" అని మన పెద్దలే అనంగా మీరు విని ఉంటరు. "ఆదివాసీలకు ఏం తెలుసు పాపం" అనే దాంట్లో ఒక్క పదమే మారింది.

మొదట చెప్పిన కొలబద్ద ఎందుకు సరిపోదో ఇప్పుడు చెప్తా. "ఈసారి చెంచు మనిషికి టికెట్ ఇయ్యాలె" అని మనం అడిగితే, అది కూడా పుట్టుక చూసి అడిగినట్టే కదా అని ప్రతిభ సారు లేస్తడు. లేవనీయండి. జాతి వివక్ష నిర్మూలన మీద ఐక్యరాజ్య సమితి ఒప్పందం ఉన్నది. భారతదేశం దాన్ని 1968లో ఆమోదించింది. జాతి, రంగు, వంశం, పుట్టిన సమూహం ఆధారంగా మనిషి హక్కులను తగ్గించడం, ఆపడం వివక్ష అని మొదటి అధికరణంలోనే ఉన్నది. వెనక్కి నెట్టబడ్డ సమూహాన్ని సమానం చేయడానికి తీసుకునే ప్రత్యేక చర్య వివక్ష కిందికి రాదని కూడా అక్కడే ఉన్నది. మన రాజ్యాంగం 330, 332 అధికరణాలు చేసింది అదే పని. తలుపు తెరవడానికి పుట్టుక చూడటం వేరు, మూయడానికి చూడటం వేరు. ఎవరు లోపల ఉన్నరు, ఎవరు బయట ఉన్నరు అనేది చూడకుండా కొలబద్ద పెడితే తప్పు లెక్క వస్తది.

(2001లో డర్బన్ సదస్సులో కులాన్ని జాతి వివక్ష కింద చర్చించవద్దని మన ప్రభుత్వం పట్టుబట్టింది. కులం వేరు, జాతి వేరు అని వాదన. సరే, అట్లనే అనుకుందాం. భాష వేరు, దేవుళ్లు వేరు, మొహం వేరు అని వాళ్లే కాయితం రాసిచ్చిన ఆదివాసీల సంగతేంది? దానికి జవాబు రాలే.)

ఇక రిజర్వుడు సీట్ల బయటి సంగతి. మనం ఎంతసేపూ ఆ 12 సీట్ల కాడనే కొట్టుకుంటున్నం. ఎస్సీలవి 19 తీసేస్తే మిగిలిన 88 జనరల్ సీట్లు. జనరల్ అంటే అందరివీ అని చట్టం. మనం కూర్చున్న అమీర్‌పేట సనత్‌నగర్ నియోజకవర్గంలో ఉన్నది, ఆ పక్క పంజాగుట్ట ఖైరతాబాద్‌లో ఉన్నది. రెండూ జనరలే. ఇక్కడ హాస్టళ్లల్ల మన పిల్లలు ఉంటున్నరు, భవనాలు కట్టే కూలీలల్ల మనోళ్లు ఉన్నరు, ఆఫీసుల్లో ఉన్నరు. అయినా ఖైరతాబాద్‌కు ఒక గోండు ఆడబిడ్డ పేరు చెప్తే ముందు మనమే నవ్వుతం. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లలో ఎస్టీలకు రిజర్వు అయినవి 2. మిగతా 148లో మనం ఓటర్లమే, అభ్యర్థులం కాము అని ఎవరు చెప్పిన్రు? ఎవరూ చెప్పలే. చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది చూడండి, అట్ల పనిచేస్తది ఇది.

పంజాగుట్ట దాటి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10కి పోతే కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ పక్కపక్కన కనపడతయ్. 2022 సెప్టెంబర్ 17న రెండూ ఒకే రోజు ప్రారంభించిన్రు. భవనాలు బాగున్నయ్, నేను కాదనను. రెండు జాతులకు రెండు భవనాలు, రెండు ఎంపీ సీట్లు పంచిచ్చి, మిగిలిన ఊరంతా వేరేవాళ్లు పెట్టుకున్నరు. మనం గోడకు ఇటు ఒకరం, అటు ఒకరం నిలబడి ఒకరినొకరం తిట్టుకుంటున్నం.

చట్టం సంగతి తొందరగా చెప్పి ముగిస్తా. పార్టీ టికెట్ ఇయ్యకపోతే కేసు లేదు, అది వాళ్ల ఇష్టం కింద పోతది. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎల్) గుర్తు పెట్టుకోండి. ఎస్టీ మనిషిని నామినేషన్ వేయకుండా బెదిరించినా, వేసిన నామినేషన్ వెనక్కి తీసుకొమ్మని ఒత్తిడి పెట్టినా, ప్రతిపాదన సంతకం పెట్టకుండా ఆపినా, ఫలానా వాళ్లకే ఓటెయ్యమని బలవంతం చేసినా ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి మీద కేసు అయితది. సర్పంచ్ ఎన్నికల్లో, షాపు ఆయన, భూమి ఉన్నాయన కూర్చోబెట్టి "ఈసారికి తప్పుకో" అనే ఊళ్లు మనకున్నయ్. అక్కడ ఇది పనికొస్తది. కులం, జాతి పేరు చెప్పి ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద తప్పు. అది మన అభ్యర్థులకూ వర్తిస్తది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని ఇంకా గట్టి చేసింది. వేదిక మీద మైకు పట్టుకునే తమ్ముళ్లు జాగ్రత్త.

ఒక కాయితం తెచ్చిన, వెనక వరుస నుంచి అందిస్తున్నరు. పార్టీలకు పంపడానికి రాసిన తీర్మానం. 32 సముదాయాల్లో ఎవరెవరికి ఎన్ని టికెట్లు ఇచ్చిన్రో ప్రతి పార్టీ బయట పెట్టాలని, జనరల్ సీట్లలో కూడా ఎస్టీ అభ్యర్థులను పెట్టాలని, దరఖాస్తు ఫీజు ప్రభుత్వం డిపాజిట్‌కు మించొద్దని ఉన్నది. నాలుగోది మన కోసం. మన గ్రూపుల్లో ఏ జాతినీ జాతిగా తిట్టే పోస్టు ఉండొద్దు, పెట్టినోళ్లను అడ్మిన్ తీసెయ్యాలె. పోయిన వారం ఈ నాలుగోదాని మీద ఇద్దరు తమ్ముళ్లు నాతో గట్టిగా కొట్లాడిన్రు. వాళ్లిద్దరూ ఇక్కడే ఉన్నరు. ముందు వాళ్లకే మైకు ఇయ్యండి.